పేపరు కట్ట దిగిన ఊళ్లు

తెలుగు పత్రిక నల్లగొండ గడ్డ మీదికి రెండు దిక్కుల నుంచి వచ్చింది. తూర్పున బెజవాడ నుంచి కోదాడ మీదుగా ఒకటి, పడమట హైదరాబాదు నుంచి నకిరేకల్, సూర్యాపేటల మీదుగా ఇంకొకటి. రెండూ ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా నడిచాయి. సూర్యాపేటకు గాని కోదాడకు గాని ఈనాటికీ రైలు లేదు. మిర్యాలగూడకు మాత్రం సికింద్రాబాదు నుంచి నడికుడి మీదుగా గుంటూరు పోయే లైను ఉంది. అందుకే ఈ ఊళ్ల పత్రికల కథ ముప్పాతిక పాలు రోడ్డు కథే.

ఆ రోడ్డు పాతది. బందరు రేవును గోల్కొండతో కలిపిన బాట. నిన్నమొన్నటి దాకా తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదు. దాని సముద్రపు కొసన ఉన్న మచిలీపట్నంలోనే 1902లో కృష్ణా పత్రిక పుట్టింది. 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1938లో ఆంధ్రప్రభ కూడా మద్రాసులోనే మొదలైంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో పేరున్న తెలుగు దినపత్రికలు చాలామటుకు నిజాం సరిహద్దుకు ఆవల అచ్చయినవే. ఈవల ఉన్న తెలుగువాడికి పత్రిక అంటే పొరుగు రాజ్యం సరుకు.

కోదాడ ఆ సరిహద్దు ఊరు. ఇక్కడి నుంచి హైదరాబాదు దాదాపు 180 కిలోమీటర్లు. విజయవాడ అందులో సగమే. 1952లో విశాలాంధ్ర, 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడిగా ఆంధ్రజ్యోతి విజయవాడలో మొదలయ్యాక, రాజధాని పేపరు కంటే బెజవాడ పేపరే కోదాడకు దగ్గరి పేపరు. 2014లో రాష్ట్రం విడిపోయాక లెక్క మారింది. రామాపురం క్రాస్‌రోడ్డు దాటితే గరికపాడు, ఆపైన జగ్గయ్యపేట. పత్రిక పేరు రెండు వైపులా ఒకటే, మొదటి పేజీ వేరు. కోదాడ బస్టాండు హోటల్లో టీ తాగుతూ చదివే పేపరులో హైదరాబాదు సచివాలయం ఉంటుంది, జగ్గయ్యపేటలో అదే పొద్దున అదే పేరు గల పేపరులో అమరావతి ఉంటుంది. రెండు టీకొట్ల మధ్య దూరం బస్సులో అరగంట.

కోదాడ నుంచి సూర్యాపేట దారిలో మునగాల వస్తుంది. బస్సులో కునుకు తీసేవాళ్లకు అదొక స్టేజీ మాత్రమే. తెలుగు అచ్చు చరిత్ర తెలిసినవాళ్లు మాత్రం ఇక్కడ తల బయటికి పెట్టి చూస్తారు. చుట్టూ నిజాం రాజ్యం ఉండగా మునగాల పరగణా ఒక్కటి బ్రిటిషు వారి కృష్ణా జిల్లాలో ఉండేది. కోదాడ నుంచి సూర్యాపేటకు బండి కట్టుకొని బయలుదేరినవాడు మధ్యలో ఒక రాజ్యం వదిలి ఇంకో రాజ్యంలో అడుగుపెట్టి, మళ్లీ మొదటి దాంట్లోకి వచ్చేవాడు. ఇటు హాలీ సిక్కా, అటు కల్దారు. ఇటు నిజాం ఫర్మానా, అటు మద్రాసు చట్టం.

ఆ పరగణా జమీందారు నాయని వెంకట రంగారావు. దివాను కొమర్రాజు లక్ష్మణరావు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసినప్పుడు, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలైనప్పుడు వెనక ఉన్నది వీళ్లే. మండలి తరఫున చరిత్ర, శాస్త్రం, జీవిత చరిత్రలు వరసగా వచ్చాయి. తొలి పుస్తకం అబ్రహాం లింకన్ చరిత్ర, రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఆ తర్వాత ఆయనే బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపి, 1908లో ఒక సంపాదకీయానికి రాజద్రోహం కింద జైలుకు పోయాడు. పుస్తకం రాసినప్పుడు పట్టించుకోని సర్కారు పత్రిక రాయగానే పట్టుకుపోయింది. ఈ రెండు పనుల మధ్య తేడా ఏమిటో పోలీసులకు ముందే తెలుసు. వార్తనైతే జనం రేపే చదువుతారు, పుస్తకం ఎప్పుడో చదువుతారు.

నిజాం వైపు ఆంక్షలు మరో రకం. ముందస్తు అనుమతి లేకుండా సభ పెట్టడమే కష్టం. పాలన అంతా ఉర్దూలో, కోర్టు కాగితం ఉర్దూలో. అలాంటి చోట, 1922లో, నల్లగొండ పట్నంలో నీలగిరి పత్రిక వచ్చింది. నడిపినవాడు షబ్నవీసు వెంకట రామ నరసింహారావు. అదే ఏడు వరంగల్లు వైపు ఇనుగుర్తి అనే పల్లెలో ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక తెచ్చారు. రెండూ ఎక్కువ కాలం నిలవలేదు. తెలంగాణ జిల్లాల్లో తెలుగు పత్రికకు తొలినాళ్లలో నాటు వేసినవాటిలో మాత్రం అవి ఉన్నాయి. 1926 మే 10న హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక వచ్చేసరికి, జిల్లాల్లో తెలుగు చదివేవాళ్లు ఉన్నారన్న సంగతి రుజువై నాలుగేళ్లయింది.

నీలగిరి సంపాదకుడి ఇంటిపేరు దగ్గర కాసేపు ఆగాలి. పారసీలో షబ్ అంటే రాత్రి, నవీస్ అంటే రాసేవాడు. మొగలు కొలువులోనూ ఆ తర్వాతి దర్బారుల్లోనూ అఖ్బార్‌నవీస్, వాకయానవీస్ అని రాతగాళ్లు ఉండేవారు. సుబాల్లో ఏం జరిగిందో రాసి దర్బారుకు పంపడం వాళ్ల కొలువు. వార్తాసంస్థ అనే మాట పుట్టకముందు ఈ దేశంలో ఉన్న వార్తాసంస్థ అదే. అయితే ఆ వార్త పోయేది కింది నుంచి పైకి, చదివేది పాలకుడొక్కడు. అలాంటి పేరు ఇంటిపేరుగా మిగిలిన మనిషి నల్లగొండలో కూర్చొని వార్తను జనానికి అమ్మడం మొదలుపెట్టాడు. ఇది కాకతాళీయమే, కాని కథకుడు కల్పిస్తే అతికినట్టు లేదని ఎవరైనా కొట్టిపారేసేవారు.

తీగ మీద నడిచే వార్తాసంస్థలు వేరే దారిన వచ్చాయి. బ్రిటిష్ ఇండియాలో ఆ పని ముందుగా రాయిటర్స్‌ది. కె.సి. రాయ్ పేరుతో ముడిపడిన అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియా చివరికి రాయిటర్స్ గుప్పిట్లోకి పోయింది. దానికి ఎదురుగా ఎస్. సదానంద్ ఫ్రీ ప్రెస్ పెట్టి చేతులు కాల్చుకున్నాడు. 1933లో యునైటెడ్ ప్రెస్ వచ్చింది. 1947 ఆగస్టు 27న మద్రాసులో రిజిస్టరైన ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, 1949 ఫిబ్రవరిలో రాయిటర్స్ నుంచి పని అందుకుంది. యునైటెడ్ న్యూస్ ఆఫ్ ఇండియా 1961 మార్చిలో నడక మొదలుపెట్టింది. ఎమర్జెన్సీలో, 1976లో, పీటీఐ, యూఎన్‌ఐ, హిందుస్థాన్ సమాచార్, సమాచార్ భారతి నాలుగింటినీ కలిపి సమాచార్ అని ఒకే ముద్ద చేశారు. 1978లో మళ్లీ విడగొట్టారు. దేశంలో ఏ మూల ఏం జరిగినా ఒకే నోటితో చెప్పించాలనుకున్న ఆ రెండేళ్లలో సూర్యాపేట విలేకరికి తేడా ఏమీ తెలిసి ఉండదు. టెలిప్రింటర్ అతని ఊరి దాకా రాలేదు.

టెలిప్రింటర్ ఇంగ్లీషులో కొట్టేది. హైదరాబాదు, విజయవాడ డెస్కుల్లో రాత్రి డ్యూటీ సబెడిటర్ ఆ చుట్టను చింపుకొని తెలుగు చేసేవాడు. 1982లో యూఎన్‌ఐ యూనివార్త, 1986లో పీటీఐ భాషా పేరుతో హిందీకి సొంత తీగలు వచ్చాయి. 1992లో యూఎన్‌ఐ ఉర్దూకూ సర్వీసు పెట్టింది. తెలుగు డెస్కులు మాత్రం ఇంగ్లీషు కాపీనే ముందేసుకొని కూర్చున్నాయి. తెలుగు వార్తా వాక్యంలో ఇప్పటికీ కనిపించే కర్మణి ప్రయోగాలకు, ముందు ఎవరన్నారో చెప్పి తర్వాత ఏమన్నారో చెప్పే అలవాటుకు వేరు ఆ రాత్రి డ్యూటీల్లోనే ఉంది.

సూర్యాపేటలో అడుగుపెట్టేసరికి వార్తకు ఇంకో ముఖం కనిపిస్తుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు గుండెకాయ. ఆ పోరాట నాయకుడు భీమిరెడ్డి నరసింహారెడ్డి ఊరు కరివిరాల కొత్తగూడెం ఈ వైపుదే. దొరల మీద తిరగబడిన పల్లెల సంగతి హైదరాబాదు పత్రికలో చదవడం అరుదు. బెజవాడ ప్రజాశక్తి రాసింది. బొంబాయి నుంచి వచ్చే కమ్యూనిస్టు వారపత్రిక పీపుల్స్ ఏజ్ రాసింది. సునీల్ జానా తీసిన ఫొటోలతో తెలంగాణ రైతు గెరిల్లాల ముఖాలు బయటి లోకానికి తెలిశాయి. పక్క పల్లెలో జరిగినది బొంబాయి పోయి అచ్చయి, చాటుమాటుగా తిరిగి ఊరు చేరే వార్త అది. హైదరాబాదులోనే ఉండి ఎదురు రాసినవాడికి ఏం జరిగేదో 1948 ఆగస్టులో ఒక రాత్రి తెలిసింది. ఉర్దూ దినపత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఇంటికి పోతుండగా కాచిగూడలో కాల్చి చంపారు. నిజాం సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలవాలని ఉర్దూలో రాసిన ముస్లిం సంపాదకుడు ఆయన. నెల తిరగకముందే సంస్థానం యూనియన్‌లో కలిసింది.

ఆ తర్వాత నల్లగొండ పేరు ఢిల్లీ తీగల మీద గట్టిగా వినబడిన సందర్భాల్లో రెండు ఎన్నికలవి. 1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి పార్లమెంటుకు గెలిచినప్పుడు ఆయనకు పడిన ఓట్లు నెహ్రూకు వచ్చిన వాటికంటే ఎక్కువ. 1996లో అదే స్థానానికి 480 మంది పోటీచేశారు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్న ఊళ్ల గోడు ఎవరూ వినకపోతే, జల సాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేశారు. సమితి పెట్టిన దుశ్చర్ల సత్యనారాయణ ఊరు సూర్యాపేట పక్కన మోతె మండలం రాఘవాపురం. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. నీళ్ల గురించి ఏళ్ల తరబడి ఇచ్చిన విజ్ఞాపనలు జిల్లా దాటలేదు, ఈ బ్యాలెట్ పుస్తకం మాత్రం ప్రపంచమంతా తిరిగింది. వార్త ఎట్లా తయారవుతుందో పత్రికాఫీసుల కంటే ఆ రైతులకే బాగా తెలుసని చెప్పుకోవాలి.

ఇదంతా జరుగుతుండగా పత్రికే ఊరి దగ్గరికి జరిగింది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు మరుసటేడు హైదరాబాదు, 1978లో విజయవాడ చేరి, అక్కడితో ఆగకుండా జిల్లాలకు పాకింది. 1984లో వచ్చిన ఉదయం పోటీ పెంచింది. 1989లో ఈనాడు జిల్లా సంచికలు తెచ్చింది. పెద్ద పేపరు మధ్యలో మడిచిపెట్టిన చిన్న సైజు పేపరు, అందులో జిల్లా వార్తలే. జనం దాన్ని మినీ అన్నారు, టాబ్లాయిడ్ అన్నారు, కొందరు జిల్లా పేపరు అన్నారు. ముద్రణ కూడా జిల్లాలకు వచ్చింది. ఈనాడు అచ్చయ్యే ఊళ్ల జాబితాలో వైజాగు, తిరుపతి, కరీంనగర్‌ల సరసన సూర్యాపేట చేరింది. రైలు లేని ఊరికి రోటరీ వచ్చిందంటే కారణం మళ్లీ రోడ్డే. ఇక్కడ అర్ధరాత్రి దాటాక వ్యాను కదిలితే తెల్లారేలోపు ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఏ మూలకైనా కట్ట అందుతుంది.

ఏజెన్సీ అనే మాటకు ఈ ఊళ్లలో అర్థం వేరు. ఢిల్లీలో ఏజెన్సీ అంటే పీటీఐ. సూర్యాపేటలో పేపర్ ఏజెన్సీ అంటే డిపాజిట్ కట్టి కట్టలు దింపుకొనే ఏజెంటు. తెల్లారి నాలుగున్నరకు బస్టాండు పక్కన చూడాలి. వ్యాను పూర్తిగా ఆగకముందే కట్టలు కింద పడతాయి. తాడు కోసి, మెయిన్ ఒక పక్క, జిల్లా ఒక పక్క పేర్చి, కుర్రాళ్లు నేల మీద గొంతుకూర్చుని ఒకదాంట్లో ఒకటి దోపుతుంటారు. కుడిచేతి బొటనవేలు నల్లబడి ఉంటుంది. కాలేజీ అడ్మిషన్ల పాంప్లెట్లున్న రోజు పని రెట్టింపు, దానికి పైసలు వేరే. ఏ పేపరుకు ఎన్ని కాపీలో కట్ట మీద చీటీ ఉంటుంది, అయినా ఒకసారి లెక్కపెట్టకుండా సైకిలెక్కరు. అయిదున్నరకు ఆ జాగాలో తాడు ముక్కలు తప్ప ఏమీ మిగలవు. పెద్దగట్టు జాతర జరిగే ఏడు మాత్రం దురాజ్‌పల్లి దగ్గర రోడ్డు మళ్లిస్తారు కాబట్టి కోదాడ వ్యాను చుట్టూ తిరిగి పోవాలి. ట్రాఫిక్ మళ్లింపు వార్త మోసుకుపోయే పేపరే ఆ మళ్లింపులో చిక్కుకుంటుంది.

జిల్లా పేజీ నిండాలంటే ప్రతి మండలంలో రాసేవాడు కావాలి. ఈనాడులో మండల వార్త పక్కన ఊరి పేరు తర్వాత న్యూస్‌టుడే అని ఉంటుంది. కోదాడ, న్యూస్‌టుడే. హుజూర్‌నగర్, న్యూస్‌టుడే. అది ఆ సంస్థ వార్తల కోసం పెట్టుకున్న విభాగం పేరు. రాయిటర్స్ ప్రపంచానికి చేసిన పనిని మండలానికి చేసే వార్తాసంస్థ అనుకోవచ్చు. మిగతా పత్రికలకూ ఇలాంటి అల్లికే ఉంది, పేర్లు వేరు. రాసేవాణ్ని కాగితం మీద కంట్రిబ్యూటర్ అంటారు, ఊళ్లో విలేకరి అంటారు. పగలు బడిలో పాఠం చెప్పినవాళ్లు, ఎల్‌ఐసీ ఏజెంట్లు, చిన్న దుకాణం నడిపేవాళ్లు చాలామంది ఈ పనిలోకి వచ్చారు. పాత్రికేయులకు వాడుక భాషలో వార్త రాయడం నేర్పేందుకు ఈనాడు జర్నలిజం స్కూలు ప్రిన్సిపల్‌గా బూదరాజు రాధాకృష్ణ పడ్డ శ్రమ తెలుగు వచనానికీ పనికొచ్చింది.

జీతం సంగతి వేరు. చెల్లింపు లైన్ అకౌంటు లెక్కన. అచ్చయిన వార్తను కత్తిరించి, స్కేలు పెట్టి పొడవు కొలిచి, నోటుబుక్కులో అంటించి, నెలాఖరుకు మొత్తం కూడి పంపాలి. పది సెంటీమీటర్లు రాస్తే డెస్కులో నాలుగయి వస్తుంది, నాలుగుకే పైసలు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, వేతన సంఘాల సిఫారసులు ఆచరణలో ఎక్కువగా పూర్తికాలం ఉద్యోగులకే అందాయి. పార్ట్‌టైమ్ అనే ఒక్క మాటతో మండల విలేకరి వాటి అంచున నిలబడిపోయాడు. దాంతో ప్రకటనల కమీషను మీద ఆధారపడాలి. ఆగస్టు 15కు, నాయకుడి పుట్టినరోజుకు ఎవరి దగ్గర ప్రకటన తెచ్చాడో, సెప్టెంబరులో వాళ్ల మీదే వార్త రాయాల్సి వస్తే కలం ఎట్లా కదులుతుంది? అక్రిడిటేషన్ కార్డు, ఇంటి స్థలం విలేకరుల సంఘాల వినతిపత్రాల్లో ఎప్పుడూ మొదటి రెండు వరసల్లో ఉండడానికి కారణం ఇక్కడే వెతకాలి.

వార్త పంపే పద్ధతి మారినంత తొందరగా ఈ లెక్క మారలేదు. మొదట్లో పోస్టు. తొందరైతే రాయితీ ధరకు ప్రెస్ టెలిగ్రాం. తర్వాత ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చే వార్తల కవరు. సాయంత్రం బస్సు పోయిందంటే ఆ రోజు వార్త పోయినట్టే. ఆ తర్వాత ఫ్యాక్స్, మోడెం, ఈమెయిలు. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీసు ఆగిపోయే నాటికి దాన్ని తలచుకొనే విలేకరి లేడు. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో, వార్త అన్నీ పోతున్నాయి.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు మూసీ దాటిపోవాలి. దాటితే నల్లగొండ జిల్లా. 2016 అక్టోబరు 11న సూర్యాపేట కొత్త జిల్లా అయ్యాక ఈ ఏరు పత్రికలకు కూడా హద్దయింది. ఇవతలి పేజీ సూర్యాపేటది, అవతలి పేజీ నల్లగొండది. మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరు. వరికోతల్లో ధాన్యం ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరి, తేమ శాతం మీద, ధర మీద రోజూ పేచీ నడుస్తుంది. ఆ ధాన్యంలో కొంత మూసీ అవతల నేరేడుచర్ల, హుజూర్‌నగర్‌ల నుంచి వచ్చేదే. మిల్లు గేటు ముందు ఏ ధర నడుస్తున్నదో ఆ రైతుకు తెలియాలి, కాని అది పక్క జిల్లా పేజీలో ఉంటుంది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ నీళ్లు మిర్యాలగూడ పొలాలు తడిపి, మూసీ దాటి, హుజూర్‌నగర్, కోదాడ వైపు పోతాయి. ఎగువన తూము ఎక్కడ ఎత్తారో చివరి ఆయకట్టు రైతు పేపరులో చదవలేడు. జిల్లా పేజీ వల్ల ప్రతి పల్లెకు పేరు దక్కింది, పక్క పల్లె పేరు మాయమైంది. ఈనాడు విస్తరణ మీద రాబిన్ జెఫ్రీ వంటి పండితులు రాసిన పుస్తకాల్లో ఈ మాటలోని మొదటి సగానికి మెప్పు బాగా కనిపిస్తుంది. రెండో సగం ఈ కాల్వ గట్టు మీద నిలబడితే తెలుస్తుంది.

పెద్ద వార్త అయితే ఏ హద్దూ ఆపదు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు ఒక దళిత యువకుణ్ని గర్భవతి అయిన భార్య కళ్ల ముందే చంపారు. సీసీ కెమెరా దృశ్యాన్ని దేశమంతా చూసింది. 2020 జూన్ 16న గల్వాన్ లోయ నుంచి సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు మరణవార్త వచ్చినప్పుడు ఢిల్లీ ఏజెన్సీలు సూర్యాపేట ఎక్కడుందో రాయాల్సి వచ్చింది. ఇలాంటి రోజుల్లో పెద్ద చానెళ్ల బండ్లు గంటల్లో దిగుతాయి. ఇంటి గుర్తులు, మనుషుల పేర్లు, పాత గొడవల సంగతులు వాళ్లకు చెప్పేది స్థానిక విలేకరే. తెర మీద అతని పేరు ఉండదు.

2020లో కరోనాతో పేజీలు తగ్గాయి. జిల్లా సంచిక మెయిన్ పేపరులోకి ముడుచుకుపోయింది. పేపరు ఇంట్లోకి రానివ్వని ఆ నెలల్లో చందాలు ఆపినవాళ్లలో కొందరు మళ్లీ వేయించుకోలేదు. తెల్లారకముందే పత్రిక పీడీఎఫ్‌గా వాట్సాప్ గుంపుల్లో తిరుగుతుంది. మండలానికి రెండు మూడు యూట్యూబ్ చానెళ్లు వెలిశాయి, మైకు మీద రంగు గొట్టం తప్ప పెట్టుబడి అక్కరలేదు. 1867 నాటి ముద్రణ, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం పోయి, 2024 మార్చి నుంచి కొత్త చట్టం అమలైంది. అది అచ్చు పత్రికలకు, ఈ మైకుల సంగతి అందులో లేదు.

మిర్యాలగూడలో కట్టలు చిన్నవయ్యాయి. ఏజెంటు పేపర్లు లెక్కపెట్టేటప్పుడు పక్కన చాయ్ దుకాణంలో నలుగురు కూర్చొని ఉంటారు. ఒకరి చేతిలో పేపరు, ముగ్గురి చేతుల్లో ఫోన్లు. పేపరు పట్టుకున్నాయన మధ్య పేజీ తీసి, తన ఊరి పేరు కోసం పై నుంచి కిందికి వేలు పెట్టి వెతుకుతాడు.